వారానికి పావులీటరు

ఇరవై రెండేళ్ళుగా మనుబోలులో హైవే పక్కన షెడ్డు వేసుకుని బండ్లు బాగుచేస్తున్నాను. నా పేరు పెంచల్. బండి రోడ్డు దిగి షెడ్డులోకి వచ్చేలోపే, చప్పుడు విని రోగమేమిటో చెప్పేస్తానని నాకొక పేరుంది. ఆ పేరు కాపాడుకోవడానికి ఒక ఆడకూతురి కాపురం కూల్చాను. కూల్చింది నువ్వు కాదు, ఆ పిల్ల మామ అంటుంది నా భార్య. ఇంట్లో అన్నం పెట్టే మనిషి అట్లాగే అంటుంది. నాకు తెలుసు ఎవరు కూల్చారో.

ఆ మామ పేరు టైటస్. సర్వే ఆఫీసులో చైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. ముప్పై ఏళ్ళు ఇనుప గొలుసు పట్టుకుని ఊళ్ళ పొలాలు కొలిచిన మనిషి, వాళ్ళ చర్చిలో సంఘ పెద్ద. కొలవందే దేన్నీ నమ్మరు. పాలవాడు పోసిన పాలు కూడా వాడి ఎదుటే ఇంకోసారి తన గ్లాసుతో కొలుచుకుంటారు. ఆయన కొడుకు కిషోర్ బాబు, నేను ఒకే బెంచీలో కూర్చుని చదువుకున్నాం. వాడు రెండేళ్ళ కిందట కువైట్లో డ్రైవరు పనికి పోతూ తన పాత బండిని భార్య ఏంజెలిన్‌కి వదిలిపెట్టాడు. పద్నాలుగేళ్ళ బండి అది.

ఏంజెలిన్ కృష్ణపట్నం రోడ్డులో రొయ్యల ల్యాబులో పనిచేసేది. గుంటల నీళ్ళు సీసాల్లో తెస్తారు, వాటిని పరీక్షించి రొయ్యకు రోగం ఉందో లేదో చెప్పాలి. పొద్దున ఆరింటికల్లా ల్యాబులో ఉండాలి, ఆ వేళకు బస్సు లేదు. నెల రోజుల్లో గేర్ల బండి నేర్చేసుకుంది. పోను ఇరవై కిలోమీటర్లు, రాను ఇరవై.

బండి ఆమె చేతికి వచ్చే ముందు ఇంజను విప్పి బోరు చేసి, కొత్త పిస్టనూ రింగులూ వేసింది నేనే. డబుల్ స్టాండు స్ప్రింగు తెగి వేలాడుతుంటే దాన్ని ఊడదీసి పాత ఇనుములో పడేసిందీ నేనే. "ఆడపిల్ల, ఈ బరువు యాడ లాగుతుంది, సైడు స్టాండు చాల్లే" అన్నాను. గొప్ప ఉపకారం చేసినవాడిలాగా అన్నాను.

పోయిన ఏడు ఎండాకాలం మొదట్లో టైటస్ గారు బండి తీసుకుని షెడ్డుకు వచ్చారు. షెడ్డులో నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. దిగీ దిగగానే, వాళ్ళందరికీ వినబడేట్టు మొదలుపెట్టారు.

"ఏం బోరు చేసినావయ్యా పెంచలూ? వారానికి పావులీటరు ఆయిలు తాగతా ఉండాది. పొద్దున్నే లేచి నా చేత్తో కొలిచి పోస్తా ఉండా. నువ్వేసినవి రింగులా, రేకులా?"

నాకు ఒళ్ళు మండింది. స్టార్టు చేసి రేజ్ చేశాను. కాస్త నీలం పొగ వచ్చింది. ఇంజను ఆపి కిక్కు తొక్కి చూశాను, కాలికి బాగా ఎదురు తన్నింది. కింద ఎక్కడా చెమ్మ లేదు. నిజానికి పొగ ఎందుకు వస్తోందని అక్కడే ఆగి ఆలోచించాల్సింది. గాలి ఫిల్టర్ డబ్బా మూత విప్పితే రెండు నిమిషాల పని. కానీ అప్పుడు నేను వెతుకుతున్నది బండి రోగం కాదు. నా తప్పు లేదని చెప్పడానికి ఒక దారి.

"నేను చేసిన ఇంజను ఆయిలు తాగదండీ. దమ్ము చూడండి ఎట్టా ఉండాదో. అంత ఆయిలు పోయిందంటే అంత తిరిగుండాల" అన్నాను.

టైటస్ గారి గొంతు తగ్గిపోయింది. "ఎంత తిరిగితే పావులీటరు పోద్ది?"

"ఇట్టాంటి బండికైతే వెయ్యి కిలోమీటర్లకి పోతే పోవచ్చు."

"రోజుకి నలభై లెక్కన ఆరు రోజులు. రెండొందల నలభైయే గదా?"

కోడలి మీద ఆయన మనసులో ఏముందో అప్పుడైనా నాకు తెలియాలి. మీటరు కేబులు తెగి ఏడాదైంది, బండి ఎంత తిరిగిందో చెప్పేందుకు వేరే సాక్ష్యం లేదు. ఉన్న సాక్ష్యం నేనొక్కణ్ణే. గోడకున్న క్యాలెండరులో అయిపోయిన నెల చింపి, వెనకవైపు లెక్క వేసి చూపించాను. వెయ్యిలోంచి రెండు వందల నలభై తీసేస్తే ఏడు వందల అరవై. వారానికి ఏడు వందల అరవై కిలోమీటర్లు ఎక్కువ.

"సంతకం పెట్టు నాయనా, కిషోర్‌కి ఫోటో పంపిస్తా" అన్నారు.

పెట్టాను. పేరు కింద మెకానిక్ అని కూడా రాశాను.

ఆ సాయంత్రమే కువైట్ నుంచి కిషోర్ ఫోను. "రేయ్ పెంచలా, నిజం చెప్పరా. అంత తిరిగుంటదా?"

"ఎవురు తిరిగినారో నాకు తెలవదురా. ఇంజనులో మాత్రం తప్పు ల్యా. నా లెక్క తప్పదు."

నోరా వీపుకు తేకే అంటారు. నా నోరు నా వీపుకు తెస్తే బాగుండేది, ఇంకొకరి వీపుకు తెచ్చింది.

మర్నాడే టైటస్ గారు బండి తాళం తీసేసుకున్నారు. ఆ మధ్యాహ్నం ఏంజెలిన్ ఆటోలో షెడ్డుకు వచ్చింది. చేతిలో చిన్న నోటుబుక్కు. ఏడవలేదు, అరవలేదు. పుస్తకం తెరిచి నా ముందు పెట్టింది.

"పెంచలన్నా, పొగ ఎప్పుడొస్తా ఉందో రాసి పెట్టినా చూడు. మామయ్య ఆయిలు పోసిన రోజే వస్తా ఉంది. ఆయన ఎవురిదో పెళ్ళికని గూడూరు పోయి నాలుగు రోజులు ల్యా. ఆ నాలుగు రోజులూ ఎవురూ పొయ్యలేదు, నేను రోజూ ల్యాబుకి పొయినా. ఒక్క రోజు కూడా పొగ రాలా. పొయ్యకపోతే తాగటం ల్యా అన్నా. ఒక్క వారం పొయ్యకుండా చూద్దామని నువ్వు చెప్పు. నువ్వు చెప్తే ఇంటారు."

తేదీలు వరసగా రాసి ఉన్నాయి. పక్కన 'పోశారు, పొగ'. 'పోయలేదు, లేదు'. ఇంతకన్నా బాగా ఏ మెకానిక్కూ రాయలేడు. రోగం ఏమిటో ఆ పేజీలోనే ఉంది. కానీ ముందురోజు మనుషులే ఆ రోజూ షెడ్డులో కూర్చుని ఉన్నారు. ఇరవై రెండేళ్ళు రెంచి పట్టుకున్నవాడికి, రొయ్యల నీళ్ళు చూసే పిల్ల ఇంజను పాఠం చెబుతోంది. వాళ్ళలో ఒకడు కిసుక్కున నవ్వాడు.

"నీళ్ళు చూసేదానివి నీళ్ళు చూసుకోమ్మా. ఇంజను నేను చూస్తా" అన్నాను.

ఆమె నా ముఖంలోకి ఒకసారి చూసి, పుస్తకం మూసుకుని వెళ్ళిపోయింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్న మొండితనం నాది. ఇప్పుడు తల్చుకుంటే నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

తర్వాతవి ఒకదాని వెనక ఒకటి జరిగిపోయాయి. బండి లేక ఆరింటికి ల్యాబు అందలేదు, పదిహేను రోజులకు వేరే మనిషిని పెట్టుకున్నారు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్దలు కూర్చున్నారు. నా క్యాలెండరు కాగితం అక్కడ అందరికీ చదివి వినిపించారట. ఏంజెలిన్ తన పుస్తకం చూపించబోతే, నీ రాత నువ్వు రాసుకుంటే ఎవరు నమ్ముతారు, అవతల మెకానిక్ సంతకం ఉంది గదా అన్నారట. కిషోర్ ఫోనులోనే తేల్చేశాడు, కొన్నాళ్ళు పుట్టింట్లో ఉండమని. కావలికి వెళ్ళిపోయింది. ఆ కొన్నాళ్ళు ఎన్నాళ్ళో ఆమెకూ తెలుసు, ఊరికీ తెలుసు.

ఆమె వెళ్ళాక వారానికి టైటస్ గారు బండి తెచ్చి నా దగ్గర నిలబెట్టారు. "ఇంక నేనే తిప్పుకుంటా. శుభ్రంగా సర్వీసు చెయ్యి."

ఫిల్టర్ డబ్బా విప్పాను. లోపల ఆయిలు మడుగు కట్టి ఉంది. ఇంజనులో ఉండాల్సిన దానికన్నా ఆయిలు ఎక్కువైతే, ఆ ఎక్కువైంది పైపులోంచి ఈ డబ్బాలోకి కక్కుతుంది. మళ్ళీ గాలితో పాటు లోపలికి పోయి, కాలి, నీలం పొగై బయటికొస్తుంది. కింద నట్టు విప్పి ఇంజనులోని ఆయిలంతా వేరే డబ్బాలోకి దించి కొలిచాను. తొమ్మిది వందలు పట్టే ఇంజనులోంచి లీటరుంబావు దిగింది. ఇంజను విప్పి చూస్తే, బోరుకి ఒక్క గీత లేదు, రింగులు నేను వేసినట్టే ఉన్నాయి. నా పని బంగారం. మళ్ళీ అంతా బిగించి, సరిగ్గా తొమ్మిది వందలు పోశాను.

"సార్, మీరు ఆయిలు ఎట్టా చూస్తారో ఒకసారి చూపించండి" అన్నాను.

బండి కోసం వచ్చి కూర్చున్న ఆయన ఉత్సాహంగా లేచారు. బండిని సైడు స్టాండు మీద వాల్చి, కుడివైపు మూత తిప్పి, దాని కిందున్న పుల్లను గుడ్డతో తుడిచి, ముంచి తీసి నాకు చూపించారు. "రోజూ ఇంతే. పొద్దున్నే, మన వాకిట్లోనే."

బండి ఎడమవైపుకు ఒరిగి ఉంది. లోపలి ఆయిలూ ఎడమకే ఒరుగుతుంది. కుడివైపు ముంచిన పుల్లకు ఎప్పుడూ తక్కువే అంటుతుంది. ఆయన గీత దాకా పోస్తారు. ఎక్కువైంది ఇంజను కక్కుతుంది. మర్నాడు మళ్ళీ తక్కువ, మళ్ళీ పోయడం. బండి తాగలేదు. ఈయన తాగించారు. నిటారుగా నిలబెట్టి కొలిచేందుకు ఉన్న డబుల్ స్టాండును పాత ఇనుములో పడేసింది నేను.

ఇదంతా ఆయనకు విప్పి చెప్పాను. గొలుసు ఒరిగితే కొలత తప్పుతుందని ఆయనకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. నన్ను బండి నిటారుగా పట్టుకోమని, పుల్ల ఇంకోసారి ముంచి చూశారు. ముఖం నల్లబడింది. ఆ క్షణాన నాకు కొంచెం ఆశ పుట్టింది.

"సరే, ఆ స్టాండేదో ఎయ్యి. ఇకమీదట దానిమీదే కొలుస్తాలే" అన్నారు.

స్టాండు వేశాను. సరిగ్గా తొమ్మిది వందలు పోశాను. బండి ఆనాటి నుంచి చుక్క ఆయిలు తాగలేదు, పొగ లేదు. నెల తిరిగేసరికి ఊళ్ళో ఒక మాట పుట్టింది. 'కోడలు పోయింది, బండి దాహం తీరింది.' మొదట ఎవరన్నారో తెలియదు. టైటస్ గారు మాత్రం కాదనలేదు. ఆదివారం తెల్లబట్టలు వేసుకుని, పొగ లేని బండి మీద షెడ్డు ముందు నుంచి పోతూ నాకు హారన్ కొట్టేవారు.

కిషోర్‌కి ఫోను చేశాను. అంతా విన్నాడు.

"ఇంక వదిలెయ్‌రా. నాయన నలుగురిలో చెప్పేసినాడు. ఇప్పుడు కాదంటే ఆయన మొహం యాడ పెట్టుకుంటాడు?"

"మరి నీ పెళ్ళాం మొహం యాడ పెట్టుకోవాల?"

ఫోను పెట్టేశాడు.

కావలికి వెళ్ళాను. క్యాలెండరులో ఇంకో నెల చింపి, జరిగింది జరిగినట్టు రాసి, సంతకం పెట్టి తీసుకెళ్ళాను. ఏంజెలిన్ అక్కడొక ఆసుపత్రిలో రక్త పరీక్షల పనిలో కుదిరింది. వాళ్ళమ్మ మంచినీళ్ళు తెచ్చిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. కూర్చోమని ఎవరూ అనలేదు. ఏంజెలిన్ కాగితం రెండుసార్లు చదివింది.

"నేను చెప్పినానని ఇందులో ల్యాదన్నా."

తన పెన్ను తనే ఇచ్చింది. గోడకు ఆనించి రాశాను: 'ఈ సంగతి ఏంజెలిన్ నాకు ముందే చెప్పింది. నేను వినలేదు.' ఏడు వందల అరవై కిలోమీటర్లు అరనిమిషంలో రాసిన చేతికి, ఈ రెండు ముక్కలు రాయడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను.

ఆమె చదివి కాగితం నాకే తిరిగిచ్చేసింది.

"నాకెందుకన్నా ఇది? నాకు తెలిసిందే గదా. మొదటి కాగితం యాడ చదివినారో ఇదీ ఆడే చదువు."

తర్వాతి ఆదివారం షెడ్డు మూసి చర్చికి వెళ్ళాను. పాస్టరు తిమోతి గారు మంచివారు. ఆరాధన అయ్యాక మాట్లాడనిచ్చారు. చదివాను, ఆఖరి రెండు వాక్యాలతో సహా. స్టాండు సంగతి, ఫిల్టర్ డబ్బా సంగతి చేతులతో చూపించి మరీ చెప్పాను. టైటస్ గారు ముందు వరసలో తల వంచుకుని ఉన్నారు. వెనక వరసల వాళ్ళు మెడలు చాచి చూశారు. విన్నారనుకున్నాను.

పాస్టరు గారే అడిగారు, మెత్తగా. "మంచి మనసుతో వచ్చినారు పెంచల్ గారూ. మాకు ఇంజన్ల సంగతి తెలవదు. ఒక్కటి చెప్పండి. ఇప్పుడు బండి ఆయిలు తాగతా ఉండాదా?"

"లేదండీ. ఎందుకంటే స్టాండు..."

"అది సరే. ఆ బిడ్డ పోయిన కాడినుంచి ఒక్కసారన్నా తాగిందా?"

చర్చి అంతా నావైపే చూస్తోంది. ఆ ప్రశ్నకు ఒకటే జవాబు ఉంది.

"తాగలేదు" అన్నాను.

ఇరవై రెండేళ్ళలో బండి గురించి అంత నిజం నేనెప్పుడూ చెప్పలేదు. అందరూ తలలు ఊపారు.