సాక్ష్యం చెప్పిన చేతులు

ఆదివారం పొద్దున్నే విమలకుమారికి ఒళ్లు మండిపోతోంది. జ్వరం కాదు, కోపం. మంచం అంచున కూర్చున్న ఆమె ముందు మొగుడు పౌల్‌రాజు తెల్లటి నూలు చేతి తొడుగులు పట్టుకుని నిలబడ్డాడు, బడికి వెళ్లనని మొరాయించే పిల్లకి సాక్సులు తొడగబోయేవాడిలా.

"ఏసుకో విమలా. ఎవలైనా అడిగితే మరిగిన నూనె పడిందని చెప్పేద్దాం."

"చెప్పేద్దాం ఏటండీ? చెప్పాల్సింది నేను కదా!"

తప్పంతా అతనిదే అయితే ఆమెకి తిట్టుకోవడం తేలికయ్యేది. కానీ కీళ్లవాతంతో ఆమె వేళ్లు కొంకర్లు పోయిన మూడేళ్లూ ఆమె తల దువ్వి జడ వేసింది ఈ మనిషే. ఉక్కు ఫ్యాక్టరీలో క్రేన్ల దగ్గర డ్యూటీ దిగి వచ్చి, గ్రీజు వాసన పోయేదాకా చేతులు కడుక్కుని మరీ వేసేవాడు. బారిడీహ్‌లో హిందీ మాట్లాడే చిన్నపిల్లల బడికి టీచరు విమల. సుద్దముక్క పట్టుకోలేక నోటితోనే అక్షరాలు నేర్పుకొచ్చింది. కిందటి వేసవిలో డాక్టరు కొత్త మందు మొదలుపెట్టాడు. ఆస్పత్రిలో పడుకోబెట్టి నరంలోకి డ్రిప్పుగా ఎక్కించేది. రెండో డ్రిప్పుకల్లా వేళ్లు కదిలాయి. విమల చపాతీ పిండి కలిపి, ఆ పిండి ముద్ద ముందేసుకుని ఏడ్చింది.

పౌల్‌రాజు సంఘ పెద్ద. ఇంత మేలు జరిగితే ఊరుకుంటాడా? మరుసటి ఆదివారమే బర్మామైన్స్ తెలుగు చర్చిలో ఆమెను నిలబెట్టి సాక్ష్యం చెప్పించాడు. దేవుడు నా చేతులు నాకు తిరిగి ఇచ్చాడని విమల అంటే సంఘమంతా స్తోత్రం అని కేక పెట్టింది. డ్రిప్పు మాట ఒక ముక్కలో అయిపోయింది. పాస్టరు అయ్యగారు ఆ తర్వాత చేసిన ప్రతి ప్రసంగంలోనూ విమలమ్మ చేతుల ప్రస్తావన తప్పలేదు.

మూడో డ్రిప్పు తర్వాత ఆ చేతులకే చీము పొక్కులు లేచాయి. పగిలాయి, ఎండాయి, చేప పొలుసుల్లా పొట్టు ఊడింది. అరికాళ్లదీ అదే గతి. ఆస్పత్రికి ఫోన్ చేస్తే ఎవరో "కోయీ క్రీం లగా లీజియే" అని, ఏదో ఒక క్రీం రాసుకోమని ఫోన్ పెట్టేశారు. ఏ క్రీమో చెబితే నోటి ముత్యాలు రాలిపోతాయా? చివరికి ఆ మందు వల్ల కొద్దిమందికి ఇలా అవుతుందని సెల్‌ఫోన్‌లో తనే వెతికి తెలుసుకుంది. డాక్టరు మొదట్లో చెప్పింది ఒక్కటే, టెన్షన్ పడకండి అని. ఏమేం కావచ్చో ముందే చెబితే ఆ టెన్షనేదో తనే పడేది కదా! బడిలో ఒక తల్లి "మేడం, హాథ్ మే క్యా హువా?" అని చేతుల సంగతి అడిగి, జవాబు వినకుండానే పిల్లాడిని వెనక్కి లాక్కుంది. తగ్గేదాకా ఇంట్లో ఉండమని హెడ్మిస్ట్రెస్ చెప్పింది. కుష్టు అనే మాట ఎవరూ పైకి అనలేదు. అనకపోవడమే ఎక్కువ మండించింది.

మరి డాక్టరు దగ్గరికి ఎందుకు పోలేదు? ఈ చేతులు చూస్తే మందు ఆపేస్తాడేమోనని. ఆపితే వేళ్లు మళ్లీ బిగుసుకుంటాయి. నాలుగో డ్రిప్పు రేపే, సోమవారం. కక్కలేక మింగలేక ఉన్న మనిషికి మొగుడు తొడుగులు తొడిగి, "సంఘం ఏటనుకుంటాది విమలా, సాక్ష్యం చెప్పీసినాం కదా" అన్నాడు.

తొడుగులతోనే చర్చికి వెళ్లింది. ఆ రోజు ప్రభువు బల్ల, సంఘమంతా రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. స్త్రీల సమాజం తరఫున రొట్టె కోయడం విమల పని. చర్చి పక్క గదిలో కోస్తూ ఉంటే డార్కస్ వచ్చింది. సోనారిలో ఆటో నడిపే సెబాస్టియన్ పెళ్లాం, విమలకంటే చిన్నది. ఆమెదీ అదే జబ్బు. టీ గ్లాసు రెండు మణికట్ల మధ్య ఇరికించుకుని తాగుతుంది.

"వందనాలక్కా. రేపే నాకూ మొదటి డ్రిప్పు. నీ సాక్ష్యం విన్నాకే మా ఆయన ఒప్పుకున్నాడు." పైట నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. ఆగకుండా దగ్గింది.

"ఆ దగ్గేటి?"

"వానలప్పుడు పట్టుకుంది, ఒగ్గడం లేదు. సాయంత్రమైతే ఒళ్లు కొంచెం వేడిగుంటాది."

"మీ మావకి టీబీ కదా? నువ్వే కదా సేవ చేసినావు?"

"అయితే ఏటి? నా టెస్టులన్నీ దగ్గు రాకముందే అయిపోయినాయి. ఇప్పుడు చెప్తే డ్రిప్పు పెట్టరని మా ఆయన భయం. నర్సు అడిగితే ఏటీ లేదని చెప్పేత్తాను. విశ్వాసంతో ఎళ్లిపోతానక్కా, నీలాగే."

నీలాగే. ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. డ్రిప్పు ముందు నర్సు ప్రతిసారీ దగ్గు ఉందా, జ్వరం ఉందా అని ఎందుకు అడుగుతుందో విమలకి తెలుసు, అదీ సెల్‌ఫోన్‌లోనే చదివింది. ఆ మందు ఒంట్లో రోగాలను ఆపే కాపలాను నిద్రపుచ్చుతుంది. లోపల టీబీ ఉంటే దానికి తలుపు తీసినట్టే. డార్కస్ చచ్చిపోతే స్తోత్రం అని ఎవరు కేకపెడతారు?

విమల తొడుగులు లాగేసింది. వాటితో పాటు పొట్టు లేచి నెత్తురు చిమ్మింది.

"చూడు! ఇది నూనె కాదు. ఆ మందే చేసింది. ఎవలికీ చెప్పకుండా దాస్తన్నాం."

గుమ్మంలో పౌల్‌రాజు నిలబడి ఉన్నాడు. "విమలా, ఇప్పుడు కాదు. సాక్ష్యం అబద్ధమైపోతాది."

"నా వేళ్లు కదిలింది నిజం. నా చర్మం ఊడింది నిజం. మీరు సగమే చెప్పించినారు. సగం చెప్తే అబద్ధమే అవుతాదండీ! ఈ పిల్ల దగ్గుతోటి ఎళ్లి ఆ మందు ఎక్కించుకుంటే చచ్చిపోతాది. అప్పుడు సంఘం ఏటనుకుంటాదో చెప్పండి!"

పౌల్‌రాజు వంగి కిందపడ్డ తొడుగులు ఏరాడు. మాట్లాడింది డార్కస్.

"నీకు బాగైపోయింది. పిండి కలుపుకున్నావు. కాసిన్ని పొక్కులొత్తే ఏటి? నాకు పొక్కులే ఇయ్యి, తీసుకుంటాను! నా వంతు వచ్చేసరికి వద్దంటావా?"

విమల కోపానికి ఇంతసేపూ డాక్టరు ఉన్నాడు, మొగుడు ఉన్నాడు, సంఘం ఉంది. ఈ పిల్ల ముందు అది ఎటు పోవాలో తెలియక నిలబడిపోయింది. ఆ మాటలో తప్పేముంది? మూడేళ్ల కిందట తనైనా అదే అనేది.

"మందు వద్దన్లేదు. ముందు దగ్గు చూపించు. రేపు నేనూ వత్తన్నా. నువ్వు చెప్పకపోతే నేను చెప్పేత్తాను."

"చెప్పినావంటే నీ మొహం మళ్లీ చూడను."

"చూడకు. బతికుండు."

సోమవారం డార్కస్ విమలకి దూరంగా, బల్ల రెండో చివర కూర్చుంది. ఆస్పత్రిలో నర్సు ఎప్పటిలాగే హిందీలో అడిగింది, దగ్గు, జ్వరం ఏమైనా ఉన్నాయా అని. డార్కస్ లేదంటూ తల అడ్డంగా ఊపింది.

"ఖాంసీ హై సిస్టర్" అంది విమల. "బరసాత్ సే. షామ్ కో బుఖార్ భీ. ఘర్ మే టీబీ థా." దగ్గూ, సాయంత్రం జ్వరమూ, ఇంట్లో మావగారి టీబీ, అన్నీ చెప్పేసింది.

నర్సు చేతిలోని సూది పక్కన పెట్టేసి డాక్టరుకి ఫోన్ చేసింది. మళ్లీ ఎక్స్‌రే తీయాలి, కఫం పరీక్ష చేయాలి, అప్పటిదాకా డ్రిప్పు లేదు అంది. డార్కస్ లేచి విమల మీదికి వచ్చింది. కొట్టడానికి చెయ్యెత్తింది గానీ వేళ్లు ముడుచుకోలేదు, విచ్చుకోలేదు. మణికట్టుతో విమల భుజం మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. అలా కొట్టినందుకు తనకే నొప్పెట్టి ఏడ్చింది.

విమల పక్కకి జరగలేదు. డార్కస్ అలిసిపోయి బల్ల మీద కూలబడ్డాక తన అరచేతులు రెండూ నర్సు ముందు చాపింది.

"ఇవి కూడా డాక్టరు గారికి చెప్పండి" అంది హిందీలోనే. "నాకూ ఈవేళ డ్రిప్పు పెట్టకండి."