పీటర్ గీసిన ఎర్రగీతలు

నారాయణఖేడ్ బస్సు డిపో వెనక వీధిలో గ్రేసమ్మ ఇల్లు. ఇంటి పక్కన బర్రెల కోసం వేసిన రేకుల కొట్టంలో ఇప్పుడు బర్రెలు లేవు, నీలం రంగు కారు ఒకటి ఉంది. మామూలు కారు కాదది. ఆరు సిలిండర్లు, నేలకు కడుపు ఆనించుకొని పోయే రకం. మనూర్ దిక్కు పల్లెరోడ్డు ఎక్కితే గజం దూరం కూడా పోలేదు.

గ్రేసమ్మ పెద్దకొడుకు పీటర్ పట్నంలో ఇట్లాంటి బండ్లు బాగుచేసే షెడ్డులో పదకొండేళ్ళు పనిచేశాడు. యజమాని వద్దనుకొని వదిలేసిన ఈ బండిని లారీ మీద ఎక్కించుకొని ఇంటికి తెచ్చాడు. స్టార్టు చేస్తే ఇంజన్ ముందు భాగంలో డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు చప్పుడయ్యేది, బలం తక్కువగా ఉండేది. "టైమింగ్ చైను సాగిందమ్మా, మారుస్త" అని మూత విప్పి పాత చైను తీశాడు. కొత్తది పట్నం నుంచి వచ్చింది. దాన్ని బిగించకముందే, ఒక గురువారం పొద్దున పళ్ళు తోముకుంటూ ఛాతీ పట్టుకొని కూర్చున్నాడు. దవాఖాన చేరేలోపే ప్రాణం పోయింది.

నలభై దినాల ప్రార్థన అయ్యేదాకా ఎవరూ కొట్టం తలుపు తియ్యలేదు. ప్రార్థన అయిన మరునాడు కోడలు కోమల మరిదిని పిలిచింది.

"యోసేపూ, మీ అన్న మొదలువెట్టిన పని నువ్వు ఒడవగొట్టాలె."

యోసేపు డిపోలో బస్సుల మెకానిక్. "నాది డీజిలు చెయ్యి వదినా. గిసొంటి ఇంజను ఎన్నడు ముట్టలె."

"ఆయన గుర్తులు వెట్టే పోయిండు. వాటి మీద చైను ఎయ్యి, సాలు."

ఆ గుర్తుల సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. చైను తీసేముందు పీటర్ కోమల గోళ్ళరంగు సీసా అడగకుండా ఎత్తుకుపోయాడు. చైను చుట్టుకునే పళ్ళచక్రాలు కింద ఒకటి, పైన రెండు, మొత్తం మూడు. కొత్త చైను వేసేటప్పుడు చక్రాలు ఉన్నచోటు తప్పకుండా ఒక్కోదాని మీద ఒక ఎర్రగీత, దానికి ఎదురుగా ఇంజన్ ఒంటి మీద ఇంకో గీత గీశాడు. సీసా గ్రీజు అంటుకొని తిరిగొస్తే కోమల నోటికొచ్చినట్టు తిట్టింది. ఆయనతో ఆమె గట్టిగా మాట్లాడిన ఆఖరి మాటలు అవే.

యోసేపుకు మంగళవారం సెలవు. ఆ రోజు అతను కొట్టంలో పని మొదలుపెడితే గ్రేసమ్మ లైటు పట్టుకొని నిలబడింది. పీటర్ తన తొమ్మిదేళ్ళప్పుడే నాయన నీళ్ళ ఇంజన్‌ను విప్పి, బోల్టులన్నీ జొన్నల జల్లెడలో వరసగా పేర్చి, మళ్ళీ ఏది ఎక్కడిదో అక్కడే పెట్టాడు. యోసేపు ఏది విప్పినా చివరికి ఒక బోల్టు మిగిలేది.

"ఇయ్యాల ఏం మిగల్చకురా" అంది.

"మిగిల్తే నీ పెట్టెల దాచుకో" అన్నాడు యోసేపు. గీతకు గీత కలిపి కొత్త చైను వేశాడు, చైను ఒరుసుకునే పట్టీలు కొత్తవి బిగించాడు. తాళంచెవి తిప్పి స్టార్టు చేసేముందు ఇంజన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి చూడాలి. పొడుగు పానాతో మెల్లగా తిప్పాడు. ఎక్కడా పట్టలేదు. అయినా అతను లేవలేదు. గుడ్డ కిరోసిన్‌లో ముంచి చక్రాల అంచులు తుడవడం మొదలుపెట్టాడు.

"ఏందిరా, అట్ల ఆగినవ్?"

"జర దగ్గరికి వట్టమ్మా." నల్లటి మసి కింద, అసలు చోటు తెలిసేందుకు కంపెనీవాళ్ళు గుద్దిన ఆవగింజంత చుక్క కనబడింది. పైచక్రాలు రెండింటి మీదా ఆ చుక్క ఉండాల్సిన చోట లేదు. ఒక పన్ను అవతల ఉంది.

అప్పుడే చాయ్ పట్టుకొచ్చిన కోమల గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఆయన తప్పు గీసిండంటవా?"

"కాదు వదినా. అన్న ఉన్నది ఉన్నట్టే గీసిండు. సాగిన చైను అప్పటికే ఒక పన్ను దుంకి ఉండె. అందుకే బండికి బలం లేకుండె. కొత్తది ఎక్కించేటప్పుడు అన్న ఈ చుక్కలు చూసుకునేటోడే. గంతదాకా ఉండలె."

"చేత్తోని తిప్పితే తిరిగింది గద."

"తిరుగుతది. స్టార్టు గూడ అయితది. జోరు పెంచితే వాల్వు పోయి పిస్టన్‌కు తగులుతది. ఇగ ఇంజను ఉండది."

కోమల చాయ్ గ్లాసు డబ్బా మీద పెట్టింది. "సరే, చుక్కల మీదనే పెట్టు. గీతలు మాత్రం ముట్టకు."

యోసేపు పానా కింద పెట్టాడు. "రేపు ఇంకొకడు మూత విప్పితే ఎర్రగీతనే నమ్ముతడు వదినా. తప్పు గుర్తు ఇంజన్‌ల వదలొద్దు."

"ఎవరు జెప్పిండ్రు?"

అతను తల ఎత్తలేదు. "అన్ననే."

గ్రేసమ్మకు ఆ రోజు గుర్తుంది. ఏళ్ళ కిందట పక్కింటి కిష్టప్ప నీళ్ళ మోటారు మీద యోసేపు సుద్దముక్కతో తప్పుగా గీసి, తుడవకుండా ఇంటికొస్తే, పీటర్ అన్నం ముందు నుంచి లేపి మళ్ళీ పంపాడు. అంత కోపం వాడికి ఎప్పుడో గాని రాదు.

"నిజమే బిడ్డా. గా మాట మీద అన్నదమ్ములిద్దరు వారం దినాలు మాట్లాడుకోలె" అంది. ఆ గీతలు ఉండిపోతే బాగుండునని ఆమెకూ ఉంది. ఆ మాట మాత్రం బయటికి రానివ్వలేదు.

కోమల చాలాసేపు ఆ మూడు గీతలనే చూసింది. పైన రెండోదాని చివర పీటర్ వేలిముద్ర సగం అంటుకొని ఉంది. యోసేపు గుడ్డ తీసుకోబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు ఆగు. నేను తుడుస్త."

గోళ్ళరంగు తీసే మందు ఇంట్లోంచి తెచ్చింది. కిందిది తుడిచింది, పైన మొదటిది తుడిచింది. వేలిముద్ర ఉన్నదాని దగ్గర ఆమె చెయ్యి ఆగింది. గ్రేసమ్మ లైటు కదపలేదు. కాసేపటికి దాన్నీ తుడిచేసింది. ఇంజన్ ఒంటి మీది గీతలు కూడా తుడిచాక గుడ్డంతా ఎర్రగా అయింది.

యోసేపు చైను విప్పి, చుక్కలు చూసుకొని మళ్ళీ వేశాడు. రెండు చుట్లు తిప్పాడు. మూడూ సరిగ్గా కుదిరాయి. మూత బిగించి, నూనె పోసి, తాళంచెవి తిప్పేసరికి పొద్దు వాలుతోంది.

ఇంజన్ అందుకుంది. గులకరాళ్ళ మోత లేదు. ఆ చప్పుడులో కొడుకు ఏమైనా వినబడతాడేమోనని గ్రేసమ్మ చెవొగ్గింది. ఇంజన్ తప్ప ఏమీ వినబడలేదు.

యోసేపు పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకొని లోపలి చైను విన్నాడు. కోమల చెయ్యి చాపింది.

"నాకియ్యి."

ఆమె కూడా అట్లాగే పిడి చెవికి ఆనించి, కళ్ళు మూసుకొని వింది. బండి ఆపమని ఎవరూ అనలేదు.