అమ్మియ కోసం ఆగిన రొట్టె

అద్దకపు బానిస ఎపాగతు, రంగు కాగులో పడి చనిపోయాడు. అద్దకపు శాల వాళ్లు అతని శవాన్ని మా కళ్లముందే ఊరి బయట గోతిలో పారేశారు. గాడిద చస్తే తోలైనా మిగులుతుంది, బానిస చస్తే ఏమీ మిగలదన్నది యజమాని లెక్క.

నేను తుయతైర పట్నంలో ఉన్నిబట్టల వ్యాపారిని. రంగు పనితో చేతులు ఎర్రబడిన ఆ శాలవాళ్ల ప్రార్థన కూటానికి సరుకు చౌకగా దొరుకుతుందనే వెళ్లాను. సిలువ మీద చనిపోయిన వాళ్ల ప్రభువు తిరిగి లేచాడంటే నమ్మలేదు. నన్ను పట్టి నిలిపింది వాళ్ల భోజనం. ఆఖరి బానిస పని దిగి వచ్చేదాకా అక్కడ రొట్టె విరవరు.

"ఆకలేస్తోంది అమ్మియక్కా" అని నేనంటే, "నీ పొట్టకి రోజూ పండగేగా షావుకారూ. ఆగు" అనేది అద్దకపు శాలలో పనిచేసే అమ్మియ.

ఎపాగతు పోయిన సాయంత్రం ఎవరూ రొట్టె ముట్టలేదు.

"గోతి దగ్గరికి పోతే చర్మం ఒలుస్తారు" అన్నాడొక ముసలి బానిస.

"వాడు రాలేడన్నా. మనమే పోవాలి" అంది అమ్మియ.

వెళ్లాం. కడిగాం. నా దుకాణంలోని మంచి బట్ట చుట్టి పాతిపెట్టాం. అంచున నా దుకాణం గుర్తున్న సీసపు ముద్ర తీయడం మరిచిపోయాను. ఇన్నేళ్ల వ్యాపారంలో ఎన్నడూ చేయని పొరపాటు.

మర్నాడు శాల అధికారి గుంట తవ్వించి, ఆ ముద్ర పట్టుకుని మా మధ్యకొచ్చాడు. "ఈ దుకాణం బట్ట ఆ శవానికెలా వచ్చింది?"

"దొంగిలించాను. పాతిపెట్టింది కూడా నేనే" అంది అమ్మియ, నా వైపు చూడకుండా.

నోరు విప్పితే కొరడా, మూసుకుంటే దుకాణం దక్కుతుంది. మూసుకున్నాను.

ఆమెను చెరసాలకు ఈడ్చుకుపోయారు. ఆమె వచ్చేదాకా అని మూడు రోజులు కూటంలో రొట్టె విరవలేదు. నన్నెవరూ పల్లెత్తు మాట అనలేదు. అదే భరించలేకపోయాను.

నాలుగోనాడు మిట్టమధ్యాహ్నం కాగులు వదిలేసి శాలంతా వీధిలోకి కదిలింది. ముందు నేను, చేతిలో ఆమె కోసం ఆపగా ఎండిన ఆ రొట్టె. ఎన్నడూ కూటం గడప తొక్కనివాళ్లు కూడా వెంట వచ్చారు.

"ఆ బట్ట నాది. ఇచ్చింది నేను. ఆమెను వదలండి" అన్నాను చెరసాల వాకిట్లో.

కావలివాడు తల దించుకున్నాడు. "తెల్లారే ప్రాణం పోయింది షావుకారూ. శవాన్ని గోతికి పంపమన్నారు."

వెనక ఎవరో వెక్కారు. ముసలి బానిస నా చేతిలోని రొట్టె తీసుకుని వాకిట్లో చతికిలబడ్డాడు.

"మా మనిషిని మాకివ్వండి. అందాకా ఆగుతాం."

ఒక్కొక్కరే కూర్చున్నారు, ఎర్రటి చేతులు ఒళ్లో పెట్టుకుని. నేనూ కూర్చున్నాను.