రెండోసారి తీసిన రసం

జ్యూసు తాగడం ఎవరికైనా చేతనవుతుంది. జ్యూసరు కడగమనండి, అప్పుడు తెలుస్తుంది. మూత, గొట్టం, గిన్నె, బ్లేడు, సన్నటి జల్లెడ. మొదటి నాలుగూ నీళ్ల కింద పెడితే చాలు. జల్లెడ మాత్రం ససేమిరా అంటుంది. దాని కన్నాల్లో క్యారెట్ పొట్టు, పాలకూర పీచు, అల్లం నార ఇరుక్కుపోయి, పాత టూత్‌బ్రష్‌తో లోపలా బయటా తోమితే గాని ఊడవు. పది నిమిషాలు అశ్రద్ధ చేస్తే ఎండి అట్ట కట్టేస్తాయి. రోజుకి ఆరు రసాలు. రంగు మారినప్పుడల్లా కడగాలి, లేకపోతే యాపిల్ రసంలోకి బీట్‌రూట్ ఎరుపు దిగిందని మొగుడు గ్లాసు పక్కకి నెట్టేస్తాడు. ఆమె నాలుగున్నరకి లేచి మూడు రసాలు తీసి, సీసాల్లో పోసి, మూడుసార్లు జల్లెడ తోమి, కూతురికీ అత్తగారికీ వంట చేసి, ఏడింటికల్లా ఉద్యోగంలో ఉండేది. సాయంత్రం వచ్చి ఇంకో మూడు. దీన్నంతా కలిపి ఆ ఇంట్లో "ఆయన ఉపవాసం" అనేవారు.

ఆఫీసు వాళ్లు చేయించిన పరీక్షల్లో మొగుడి కాలేయానికి కొవ్వు పట్టిందని తేలింది. వెంటనే ఆడపడుచు ఫోనులో ఒక చార్టు పంపింది. ఏడు రోజులపాటు రసం తప్ప నోట్లోకి ఇంకేమీ పోకూడదు, ఒళ్లంతా కడిగినట్టయిపోతుందట. దాన్ని అచ్చు తీయించి ఫ్రిజ్‌కి అంటించారు. అడుగున చిన్న అక్షరాల్లో, ఇంట్లో ఇద్దరు కలిసి చేస్తే సులువు అని ఉంది. అత్తగారు కళ్లజోడు పెట్టుకుని అది పైకి చదివి, "ఇద్దరంటే ఇంకెవరున్నారిక్కడ? నాకా షుగరు, పిల్లదా ఎదిగే వయసు. పాపం, వాడొక్కడే చెయ్యాలి" అంది. మొగుడు త్యాగమూర్తిలా తలూపాడు. మూడడుగుల దూరంలో ఆమె కొత్త జ్యూసరు పని చేస్తోందో లేదో చూస్తోంది. "నేనూ చేస్తాను" అంది. జ్యూసరు తిరుగుతోంది. ఎవరూ ఇటు తిరగలేదు. ఆపి మళ్లీ చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ క్షణాన ఒక పిచ్చి పంతం పట్టుకుంది. చెప్పకుండానే చేద్దాం. ఈ ఏడు రోజుల్లో, ఈ ముగ్గురిలో, ఒక్కరంటే ఒక్కరు "నువ్వు తిన్నావా" అని అడుగుతారేమో చూద్దాం. అడిగిన క్షణంలో ఉపవాసం ఆపేస్తాను, ఆ మనిషి పక్కనే కూచుని కడుపునిండా తింటాను. ఇంతకన్నా చిన్న కోరిక కోరిన మనిషి ఉంటే చూపించండి.

పగలంతా ఆమె అడిగే ప్రశ్న అదే మరి. రక్తపరీక్షల లేబులో నెత్తురు తీసే పని ఆమెది. వచ్చిన ప్రతి మనిషి చెయ్యీ చాపించి, "చివరిసారి ఎప్పుడు తిన్నారు?" అని అడగాలి. ఫారంలో మొదటి గడి అదే. రోజుకి అరవై మంది. పలకరించిన వాళ్లనీ అడిగింది, విసుక్కున్న వాళ్లనీ అడిగింది, సూది చూడకముందే ఏడ్చిన వాళ్లనీ అడిగింది. పద్నాలుగేళ్లుగా అడుగుతూనే ఉంది. తన ఇంట్లో మాత్రం ఆ గడి ఎప్పుడూ ఖాళీయే. అందరూ తిని లేచాక, పొయ్యి పక్కన నిలబడి, గిన్నె అడుగున మిగిలింది గరిటెతోనే తినేసే మనిషి ఏం తిన్నదో, అసలు తిన్నదో లేదో ఎవరికి తెలుస్తుంది? పెళ్లయిన కొత్తలో ఒకసారి అందరితోపాటు బల్ల దగ్గర కూచుంటే, "నువ్వూ కూచుంటే వేడివేడిగా తెచ్చేదెవరు?" అన్నాడు మొగుడు, నవ్వుతూనే. ఆ నవ్వుకి పదహారేళ్లు. బల్ల చుట్టూ నాలుగు కుర్చీలున్నాయి. నాలుగో కుర్చీ మీద ఇస్త్రీ చెయ్యాల్సిన బట్టలుంటాయి.

కూరగాయలు, పళ్లు ఒక్క మనిషికి సరిపడా తెచ్చారు. అందుకని మొగుడికి రసం తీశాక మిగిలిన పిప్పిలో గ్లాసుడు నీళ్లు పోసి రెండోసారి తిప్పేది. అతని గ్లాసులో చిక్కటి ఎరుపు. ఆమె గ్లాసులో రంగు గుడ్డ నానేసిన నీళ్లు. అదే గటగటా తాగి జల్లెడ తోముకునేది. మొదటి రోజు ఆకలి దహించింది. రెండో రోజు తల పగిలిపోయింది. ఆ పూట కూతురికి బంగాళాదుంపలు వేయిస్తుంటే ఆ వాసనకి నోట్లో ఊరాల్సిన నీళ్లు కళ్లల్లోంచి కారాయి. రుచి చూడకుండానే దింపేసింది. అత్తగారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించి, "ఉప్పు కషాయం. నాలిక చచ్చిందా ఏం, రుచి చూడకుండా దించావూ?" అంది. ఆమె ఆశగా తలెత్తింది. అడుగుతుంది, ఇప్పుడు అడుగుతుంది, ఎందుకు చూడలేదే అని అడుగుతుంది. "పెరుగు తే, కలుపుకుంటాను" అంది అత్తగారు. అంత దగ్గరగా వచ్చిన ప్రశ్న పక్కనుంచి వెళ్లిపోయింది.

మూడో రోజు మొగుడి చొక్కా ఉతకడానికి తీస్తే జేబులో నూనె మరకల కాగితం, దాంట్లో కేకు పొడి. కాగితం చెత్తబుట్టలో వేసి చొక్కా నానబెట్టింది. నాలుగో రోజు అత్తగారు వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించి, "ఒక పళ్లెంలో కాస్త అన్నం, కూర పెట్టియ్యి, గదిలోకి తీసుకెళ్తా. మగవాడు, తిరిగే ఉద్యోగం, నీరసపడిపోతే ఎలా? చార్టు దారిన చార్టుంటుంది" అంది. ఆమే వడ్డించింది. అన్నం ఆవిరి మొహానికి కొడుతుంటే చేతులు గజగజ వణికాయి. మెతుకు ఒకటి వేలికంటుకుంది. దాన్ని చాలాసేపు చూసి కడిగేసుకుంది. రసాలు మాత్రం మామూలే, ఎందుకంటే ఆఫీసు వాళ్ల గ్రూపులో రోజూ గ్లాసుతో ఫొటో పెట్టాలి. ఫొటో దిగాక ఆ రసాన్ని సింకులో కుమ్మరించేవాడు. "ఇది తాగితే తిక్క పుడుతోందే బాబూ" అనేవాడు. చార్టు మీద ఆకుపచ్చ టిక్కు పడేది. అదే సింకు ముందు నిలబడి ఆమె పిప్పి నీళ్లు తాగేది. ఆపెయ్యొచ్చు కదా అనుకోలేదా? రోజుకి వందసార్లు అనుకుంది. ఆపితే ఎవరికీ తెలియదు, కొనసాగించినా ఎవరికీ తెలియదు. అదే, ఆ తెలియకపోవడమే ఆమెని పట్టుకుని వదల్లేదు. బతికున్నానో లేదో తేల్చుకోవాలన్నంత కసి పుట్టింది.

ఐదో రోజు సాయంత్రం కూతురు వచ్చింది. పదమూడేళ్లది. ఫ్రిజ్ తెరుస్తూ, చార్టు చూస్తూ, "అమ్మా, నువ్వు కూడా నాన్నలా చెయ్యొచ్చు కదా. మా స్కూలు మీటింగుకి వచ్చేలోపు కాస్త తగ్గుతావు" అంది.

"ఏం, నన్ను చూస్తే సిగ్గేస్తోందా?"

"అబ్బా, అలా కాదులే. నాన్నకి పట్టుదలుంది. నీకు లేదు. అంతే."

ఆమె బాత్రూములోకి వెళ్లి కుళాయి తిప్పి బకెట్ మీద కూచుంది. కూతురి మీద కోపం రాలేదు. భయమేసింది. అత్తగారి కళ్లజోడు అప్పుడే దాని ముక్కు మీదికి ఎక్కిందనిపించింది.

ఆరో రోజు లేబులో ఒక ముసలాయన కుర్చీలో కూలబడి, "రాత్రి ఎనిమిదింటికి తిన్నా తల్లీ. పన్నెండు గంటలు! ప్రాణం పోతోంది, తొందరగా కానియ్యి" అన్నాడు. ఆయన భార్య గుమ్మం దగ్గర టిఫిను డబ్బా పట్టుకుని సిద్ధంగా నిలబడి ఉంది. ఆమె పట్టీ కట్టింది, నరం వెతికింది, సూది దించింది. నెత్తురు రాలేదు. మళ్లీ దించింది. రాలేదు. పద్నాలుగేళ్లలో రెండుసార్లు తప్పడం ఇదే మొదలు. "నేర్చుకోడానికి నా చెయ్యే దొరికిందా?" అని అరిచాడు ముసలాయన. ఆ అరుపు ఎక్కడో బావిలోంచి వినిపించింది. పక్క బల్ల దగ్గర పనిచేసే సీనియర్, అందరూ పెద్దక్క అనే మనిషి, ఒక్క ఉదుటున వచ్చి ఆమె చేతిలో సూది లాక్కుని, ముసలాయన పని ముగించి, ఆమెని లోపలి గదిలోకి ఈడ్చుకెళ్లింది. వేలికి గుచ్చి షుగరు చూసింది. మీటరులో అంకె చూసి నోట్లో బూతు మింగేసింది.

"చివరిసారి ఎప్పుడు తిన్నావే?"

ఫారంలో ప్రశ్న. రోజుకి అరవైసార్లు తను అడిగే ప్రశ్న. అది తన మీదికి తిరిగి వచ్చేసరికి ఆమెకి ఏడుపు ఆగలేదు. వెక్కుతూనే అంతా చెప్పింది. పెద్దక్క చక్కెర నీళ్లు కలిపి నోటికి పెట్టింది.

"వద్దక్కా. ఇంకొక్క రోజే."

"చస్తావే! ఎవరి కోసం? ఎవరో అడగాలనే కదా? నేనడిగానుగా!"

"నువ్వు మా ఇంట్లోదానివి కావు కదక్కా."

పెద్దక్క గ్లాసు మళ్లీ ఆమె పెదాలకి ఆనించింది. "ముందిది తాగు. ఇదీ రసమే అనుకో. రేపు సాయంత్రం మా ఇంట్లో సూపు పెట్టి, నీకో పళ్లెం వేసి ఉంచుతా. రెండు వీధులే కదా. రాకపోయావో, నేనే మీ గుమ్మంలోకొచ్చి నలుగురికీ వినపడేలా అడుగుతా" అంది. ఆమె తాగింది.

ఏడో రోజు మధ్యాహ్నం మొగుడు ఫోను చేశాడు. "ఆఫీసు గ్రూపులో నా అనుభవం రాసి పెట్టమంటున్నారు. నీకు రాయడం వచ్చుగా, ఒక పేజీ కొట్టి పంపు."

"మీ అనుభవం నాకెలా తెలుస్తుంది?"

"ఏడు రోజులు రసంతో ఉంటే మనిషికి ఎలా ఉంటుందో ఊహించి రాయవే. అదేమన్నా బ్రహ్మవిద్యా?"

ఊహించాల్సిన పని లేదు. లేబులో మందుల పెట్టె మీద కూచుని పావుగంటలో రాసి పంపేసింది. పదహారేళ్ల కాపురంలో తన గురించి తను రాసుకున్న మొదటి పేజీ అది.

సాయంత్రం అత్తగారి ఫోనుకి వీడియో కాల్‌లో ఆడపడుచు వచ్చింది. కెమెరా ముందు ఆఖరి గ్లాసు తాగి, చార్టు పక్కన నిలబడి, మొగుడు తన ఫోను తీసి గొంతు సవరించుకున్నాడు. ముందు చదువుకుని చూడలేదు. ఆమె రాసిన వాటిని ఎప్పుడూ చదివి చూడడు. "మొదటి రోజు ఆకలి దహించింది. రెండో రోజు తల పగిలిపోయింది. మూడో రోజుకి ఆకలి చచ్చి ఒళ్లు దూదిలా తేలింది."

"అబ్బ, ఎంత బాగా రాశావురా తమ్ముడూ!" అంది ఆడపడుచు ఫోనులోంచి.

అతను ఉబ్బిపోయి జోరు పెంచాడు. "నాలుగో రోజు ఇంకొకరికి అన్నం వడ్డిస్తుంటే చేతులు వణికాయి..."

"నువ్వు వడ్డించావా! ఎవరికిరా?" ఫోనులో పకపకా నవ్వు.

"ఐదో రోజు... జల్లెడ తోముతూ సింకు పట్టుకుని నిలబడ్డాను. ఆరో రోజు సూది రెండుసార్లు తప్పింది..." గొంతు నీరసించింది. కళ్లు కిందికి పరుగెత్తాయి, నోరు ఆగిపోయింది. పక్కన నిలబడ్డ కూతురు తండ్రి చేతిలోని ఫోనులోకి తొంగి చూసి, ఆటలా మిగతాది పైకి చదివేసింది. "ఈ ఏడు రోజుల్లో నువ్వు తిన్నావా అని ఈ ఇంట్లో నన్ను ఒక్కరూ అడగలేదు." చదివాక ఆ పిల్ల మొహంలో నెత్తురు లేదు. తల్లి వైపు చూడబోయి, చూడలేక, చార్టు వైపు చూసింది.

మొగుడు కాల్ కట్ చేశాడు. "ఏంటీ నాటకం? నిన్నెవరు చెయ్యమన్నారు? చెప్పి చావొచ్చుగా!"

"చెప్పాను. జ్యూసరు తిరుగుతోంది."

ఆమె వంటింట్లోకి వెళ్లింది. వెనకాలే అత్తగారు వచ్చింది. తిడుతుందనుకుంది. తిట్టలేదు. భుజం మీద చెయ్యి వేసింది, పదహారేళ్లలో మొదటిసారి. "నన్ను మాత్రం ఎవరడిగారే?" అంది మెల్లగా. "పెద్దది కడుపులో ఉండగా రెండు రోజులు మంచినీళ్లతోనే గడిపా. మీ మామగారు ఆ సంగతి తెలీకుండానే పోయారు. మొదట్లో ఏడుపొస్తుంది. తర్వాత అలవాటైపోతుంది." ఆ మాటల్లో ఎక్కడా వెటకారం లేదు, ప్రేమే ఉంది. అందుకే ఆమె వెన్ను జలదరించింది. తిట్టుంటే ఏడ్చి ఊరుకునేది. అలవాటైపోతుంది! ఇంకో ముప్పయ్యేళ్లకి తనూ ఇలాగే ఎవరి భుజం మీదో చెయ్యి వేసి, ఇంతే ప్రేమగా, ఇదే మాట చెబుతుంది. ఎవరి భుజమో కూడా కళ్లకి కట్టింది. సన్నటి, పదమూడేళ్ల భుజం.

అత్తగారు కొంగుతో కళ్లు ఒత్తుకుని, "సరేలే. రాత్రికేం చేస్తున్నావు? వాడు ఆకలి మీదున్నాడు" అంది.

సింకులో జ్యూసరు ముక్కలు ఐదూ పడి ఉన్నాయి. పక్కనే టూత్‌బ్రష్. ఆమె దాన్ని ముట్టుకోలేదు. ముందుగదిలోకి వచ్చి, నాలుగో కుర్చీ మీది బట్టల కుప్ప తీసి మొగుడి చేతుల్లో పెట్టి, చెప్పులు వేసుకుంది. కాళ్లు తేలుతున్నాయి. రెండు వీధులు. గోడలు పట్టుకునైనా వెళ్లొచ్చు.

"ఎక్కడికి?" అన్నాడు మొగుడు.

"తినడానికి."

"మరి మాకు?"

ఆ మాట ముగ్గురిలో ఎవరన్నారో చూడడానికి ఆమె వెనక్కి తిరగలేదు. సింకులో జల్లెడ మీద పిప్పి అప్పటికే ఎండి అట్ట కడుతోంది.