ఎవరు పోయేరండీ?

అచ్చుతప్పులుంటే క్షమించండి. మా ఆయన పోయేక, ముసలితనంలో నేర్చుకున్న అక్షరాలు. ఒత్తులు నా మాట వినవు, చెయ్యి కూడా నెమ్మది. ఈ కథ వీరాయమ్మ చెప్పగా రాస్తున్నాను.

ఉగాది వెళ్ళేక ఒకరోజు వీరాయమ్మ, వాళ్ళ వీధిలోనే ఉండే సువార్తమ్మ, అప్పలమ్మ కలిసి కాలవగట్టు మీదుగా ముక్తేశ్వరం దాకా నడిచి రావాలనుకున్నారు. పనేమీ లేదు. ఊరికే, సరదాకి. మిగతా ఇద్దరికీ అడ్డు చెప్పేవాళ్ళు లేరు, వీరాయమ్మకే గుబులు. భర్త పోయిన దగ్గర్నుంచి మరిది రామ్మూర్తి ఇంట్లో ఉంటోంది. మంచివాడే. కానీ సరదాగా తిరిగొస్తానంటే ఏమంటాడో, ఇంకెప్పుడూ గడప దాటనివ్వడేమో.

తెల్లారి గుమ్మంలోనే ఎదురయ్యేడు.

"ఎక్కడికి వదినగారూ?"

ముందురోజు తోటకూర అమ్మిన మనిషి పేరే వీరాయమ్మ నాలిక్కి తగిలింది.

"ముక్తేశ్వరంలో పైడమ్మ పోయింది బాబూ. చూసొస్తాం."

"అయ్యయ్యో! నిన్ననే కదండీ మనింటికొచ్చింది!"

"మరే. ఇంటికెళ్ళి పోయింది."

గట్టెక్కేక భయం ఎటు పోయిందో! దారంతా కానుగపూలు రాలి అడుగు మెత్తగా పడుతోంది. వేపపూత ఘుమఘుమలాడుతోంది. అప్పలమ్మ కొంగునిండా మామిడిపిందెలు ఏరితే, సువార్తమ్మ రొంటినున్న ఉప్పుకారం పొట్లం తీసింది. ముగ్గురాడవాళ్ళు చేతిలో సంచైనా లేకుండా పొద్దున్నే నడిచిపోతుంటే, ఎదురైనవాళ్ళందరిదీ ఒకటే మాట.

"ఎవరు పోయేరండీ?"

"ఎవరూ పోలేదండీ, మేమే పోతున్నాం!" అంది సువార్తమ్మ. ముగ్గురూ పొట్టలు పట్టుకుని గట్టుమీదే కూలబడ్డారు.

ముక్తేశ్వరంలో పైడమ్మ అరుగుమీద కూచుని పనసపొట్టు కొడుతోంది. "నిన్ను చంపేసేనే" అని వీరాయమ్మ చెప్పబోయేలోపే వెనకాల మోటారుసైకిలు ఆగింది. రామ్మూర్తి! చేతిలో బంతిపూల దండ. పైడమ్మని చూసి కొయ్యబారిపోయేడు.

"దండెవరికి బాబుగారూ?" అంది పైడమ్మ.

ఆయన వదినవైపు చూసేడు. వీరాయమ్మ ఇంకో అబద్ధం కోసం వెతుక్కుంది. దొరకలేదు.

"ఊరికే నడవాలనిపించింది బాబూ. ఊరికే అంటే పంపవేమోనని, దీన్ని చంపేసేను."

పైడమ్మ కత్తి పక్కన పెట్టి మెడ వంచింది.

"తెచ్చేరుగా, వేసెయ్యండి. పోయేక వేస్తే నేను చూసుకోవద్దూ?"

రామ్మూర్తికి నవ్వాగలేదు. దండ వేసేడు. పైడమ్మ అందరికీ పనసపొట్టు కూరతో అన్నం పెట్టింది.

"నా పెద్దకార్యం భోజనం. మొహమాటపడకండి!"

బయల్దేరుతూ రామ్మూర్తి, "బండెక్కండి వదినగారూ" అన్నాడు.

"నడిచొస్తాను బాబూ."

"ఆయ్, అలాగే. మళ్ళీ వారం కూడా నడవండి. మనుషుల్ని మటుకు చంపకండి."

పైడమ్మ. డెబ్బై ఒక్క ఏళ్ళు. ఇప్పుడు అంబాజీపేటలో మనవరాలి దగ్గర ఉంటున్నాను. ఇంకా పోలేదు.