ఊపిరికి తగ్గ వరుస

గొట్టాన్ని పెదవుల మధ్య బిగబట్టి మాస్టారు మరోసారి ఊదాడు. ముక్కుకు క్లిప్పు. "ఇంకా, ఇంకా, ఆపకండి!" అంటోంది పరీక్ష చేసే అమ్మాయి. తెర మీద గీత కాస్త లేచి, అంతలోనే వాలిపోయింది.

"ఏం చేస్తుంటారండీ?"

"వేణువు నేర్పుతానమ్మా."

ఆ అమ్మాయి తెర వంక మరోసారి చూసింది. క్లిప్పు మెల్లగా తీసింది.

డాక్టరు కాగితాలు చూసి, నేర్పుకోండి గానీ ఊదొద్దు అన్నాడు. బయట బెంచీ మీద అక్క కాచుకుని ఉంది. పెళ్ళీ పెటాకులూ లేని తమ్ముణ్ణి కనిపెట్టుకుని ఉండడంతోనే ఆవిడ జుట్టు నెరిసిపోయింది.

"ఏమన్నాడు?"

"మళ్ళీ రమ్మన్నాడు."

"రమ్మనక పొమ్మంటాడా?" అంటూ ఆయన చెయ్యి పట్టుకుని లేచింది.

బస్సులో ఆయన వేళ్ళు చుట్టచుట్టిన రిపోర్టుల మీద వాటంతటవే కదులుతున్నాయి. చాలా రోజులుగా ఒక వరుస కడుతున్నాడు. దమ్ము చాలక పాదాలన్నీ పొట్టిగా వచ్చాయి. ఆఖరి పాదం మాత్రం ఎంతకీ కుదరడం లేదు.

మధ్యాహ్నం పాఠం టైర్ల దుకాణం మీది గదిలో. శిష్యుడు రిటైరైన బస్సు డ్రైవరు. మనిషి ఎంతో ఊపిరీ అంత. వేణువు అందుకున్నాడంటే కిటికీ రెక్కలు అదరాల్సిందే.

"మెల్లగానయ్యా! ఎదురుగా లారీ ఏమన్నా వస్తోందా?"

డ్రైవరు నవ్వి, కొత్త వరుస తడుముకుంటూ వాయించాడు. "బాగుంది మాస్టారూ. కానీ నడుమ ఇన్ని స్టాపులేంటి?"

"నా బండి అన్నిచోట్లా ఆగాల్సిందే."

డ్రైవరు మరోమారు ఊది, చివరి స్వరాన్ని వదలకుండా అలాగే నిలబెట్టాడు. అది వింటుండగా మాస్టారికి ఆఖరి పాదం తట్టింది. చేత్తో ఆపమని సైగ చేసి, దగ్గుతూ, ఆగుతూ, ముక్కలు ముక్కలుగా పాడి వినిపించాడు. డ్రైవరు దాన్ని ఒక్క ఊపిరిలో వాయించేశాడు.

"దీంట్లో స్టాపు ఒక్కటీ లేదేం మాస్టారూ?"

"అది నా కోసం కట్టింది కాదులే," అని ఆయన కిటికీ వైపు తిరిగి కళ్ళజోడు తుడుచుకున్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చి గోడకు చేరగిలబడ్డాడు. "అక్కా, వరుస పూర్తయిందే."

"వినిపించు మరి."

"డాక్టరు ఊదొద్దన్నాడే."

"నేనేం పోయి చెప్తానా? ఒక్కసారే కానివ్వు. ఈలోగా వేడినీళ్ళు పెట్టుకొస్తాను."

స్టవ్ దగ్గర నిలబడి ఆవిడ వింది. పొట్టి పాదాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఇన్నేళ్ళలో అంత మెత్తగా వాయించడం వినలేదనుకుంది. ఆఖరి పాదం మొదలై, కొంతదూరం సాగి, ఆగింది.

"తొందరేం లేదురా. నాకేం రైలు తప్పిపోదు," అని కేకేసింది. మిగతాది వినిపిస్తుందేమోనని, నీళ్ళు గ్లాసులోకి వంచి అక్కడే నిలబడింది.

వినిపించలేదు.

గ్లాసుతో ముందుగదిలోకి వచ్చి చూస్తే ఆయన తల ఛాతీ మీదికి వాలి ఉంది. వేణువు ఒళ్ళోకి జారింది. "తమ్ముడూ," అంది. "ఒరే తమ్ముడూ." భుజం తట్టింది. తరవాత పిలవలేదు. పక్కన చతికిలబడి, ఇంకా వెచ్చగానే ఉన్న ఆయన చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "నేనే ఊదమన్నాను కదరా," అంది.

కిటికీ గట్టు మీద పెట్టిన గ్లాసులోంచి ఆవిరి సన్నగా లేస్తూనే ఉంది.