ఒక్కపొద్దు పాలు

ఆపరేషన్ గది బయట ట్రాలీ మీద పడుకున్న సహన, దవడ కింది వాపును అలవాటుగా అరచేత్తో కప్పుకుంది. దవడ ఎముకలో నీటితిత్తి పెరుగుతోందని, తీయకపోతే ఎముకే విరగొచ్చని డాక్టర్లు చెప్పారు. ఆపరేషన్‌కు ఈ తేదీ దొరకడానికి నాయన ఓబళప్ప బెంగళూరుకు ఎన్నిసార్లు తిరిగాడో!

"పాప ఏమైనా తినిందా?" నర్సు అడిగింది.

"లేదమ్మా, ఒక్కపొద్దు ఉండాది," అంది అవ్వ పిల్లమ్మ గర్వంగా.

నర్సు రాసుకుని వెళ్ళిపోయింది.

అవ్వ అబద్ధమాడలేదు. వాళ్ళ ఊళ్ళో ఒక్కపొద్దంటే అన్నం, సంగటి ముట్టకూడదు. పాలూ పండూ తప్పు కాదు. ఖాళీ కడుపుతో రమ్మన్నారనగానే, శనివారం దేవుడికి ఉన్నట్టే మనవరాలిని ఉంచింది. కె.ఆర్.పురంలో చుట్టాలింటి నుంచి బయల్దేరేముందు గ్లాసెడు పాలు తాగించి, అరటిపండు ఒలిచి పెట్టింది.

మత్తు డాక్టరు ఫాతిమా వచ్చింది. "నిద్రలో నీకేమీ తెలీదు. లేచాక చెంప బాగా వాస్తుంది, పెదవి కొన్నాళ్ళు మొద్దుబారొచ్చు. జావ తాగుతూ ఉండాలి. కడుపు ఖాళీయే కదా? మత్తులో కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది."

సహన అవ్వ వైపు చూసింది. చెప్తే ఆపరేషన్ ఆగిపోతుంది. నాయన అందరి ముందూ అవ్వను కడిగేస్తాడు. చెప్పకపోతే?

ఆ మౌనాన్ని డాక్టరు అవుననుకుంది. ట్రాలీ కదిలింది. తలుపులు తెరుచుకుని చల్లగాలి మొహానికి కొట్టింది. సహన చెయ్యి చాచి డాక్టరు గౌను దొరకబుచ్చుకుంది.

"పాలు తాగినా."

"ఏమ్మా?"

"పాలు తాగినా. అరటిపండు తిన్నా."

ట్రాలీ ఆగిపోయింది.

"అమ్మా! నీకు తలకాయ ఉండాదా?" వెనకే వచ్చిన ఓబళప్ప అరిచాడు. "అన్నిసార్లు చెప్తినే!"

"ఒక్కపొద్దుకు పాలు తప్పేమప్పా?" అంది అవ్వ.

"ఒక్కపొద్దు కాదవ్వా, మా రంజాన్ ఉపవాసం, రోజా అనుకో," అంది ఫాతిమా. "నీళ్ళు కూడా వద్దు."

"నీళ్ళు కూడానా! పిల్ల తట్టుకుంటాదా?"

"మా ఇళ్ళలో పిల్లలు కూడా రోజా ఉంటారు. చెప్పింది కాబట్టి సరిపోయింది. ఈ రాత్రికి ఇక్కడే ఉండండి, రేపు పొద్దున్నే మొదట ఈ పాపకే చేద్దాం."

ఓబళప్ప గోడవైపు తిరిగి నిలబడ్డాడు. అవ్వ ట్రాలీ దగ్గరికొచ్చి సహన తల నిమిరింది.

"నా వల్ల రేపు మళ్ళా ఇంత భయమూ పడాల నువ్వు."

సహన అవునని తలూపింది.

"సరే. రేపు నేనూ రోజానే ఉంటా. ఏ దేవుడూ ఏమీ అనుకోడులే."